ఆమెన్ కోసం వదిలిన చోటు

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది? ముందు ఈ రెండింటికీ జవాబు చెప్పి, ఆ తరువాత మిగిలిన సంగతికి వస్తాను.

అన్యాయం జరిగింది లియోనిలా తక్సాగోన్‌కు. మా అందరికీ ఆమె నిలా. బడిలో చదువుకునే వయసులో ఆమె కట్టిన ఒక బాణీని ఎలీసెయో గెల్లాడా అనే యువకుడు మనీలాకు తీసుకుపోయి, తనదని చెప్పి, రికార్డు చేసి, ఫిలిప్పీన్స్ అంతటా పేరు తెచ్చుకున్నాడు. అది మొదటి అన్యాయం. ఆ బాణీని నిలాయే తన దగ్గర విని కాజేసిందని మా మదర్ సుపీరియర్‌తో అన్నాడు. అది రెండవది, పెద్దది. మొదటిదాన్ని నిలా ఎన్నడో మన్నించింది. రెండవదాన్ని మన్నించమని ఆమెను అడిగే హక్కు ఎవరికీ లేదని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఇలోయిలో నగరంలో, నది ఒడ్డున ఉన్న కాన్వెంట్ బడిలో మేమిద్దరం చదువుకున్నాం. బిషప్పుగారు అనుమతించిన కొత్తలో చాపెల్‌లోకి గిటార్లు వచ్చాయి. పాత ఆర్గన్ మీద గుడ్డ కప్పారు. స్పెయిన్ నుంచి వచ్చిన మా మదర్ సుపీరియర్ బెనిగ్నాకు గిటారు పొడ గిట్టేది కాదు. అయినా బిషప్పు మాట కనుక భరించింది. ఆదివారం సాయంత్రం పూజకు అమ్మాయిలం పాడేవాళ్లం. నదికి అవతలి కాలేజీ నుంచి కుర్రాళ్లు వచ్చి వాయించేవారు. మధ్యలో ఒక సిస్టర్ కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేది.

ఆ కుర్రాళ్లలో ఎలీ ఒకడు, దర్జీ కొడుకు. అతని విషయంలోనూ న్యాయంగానే మాట్లాడాలి: వాడిది మంచి గొంతు. అప్పటి రేడియో పాటల్లో ఉండే వెచ్చదనమంతా ఆ గొంతులో ఉండేది. తీగలను బాదకుండా ఒక్కొక్కటిగా మీటేవాడు. గొంతు పెంచేవాడు కాదు. మనం వంటింట్లో పని చేసుకుంటుంటే గడప మీద కూర్చుని కబురు చెబుతున్నట్టు పాడేవాడు. మా అమ్మ అలాంటి గొంతును దగ్గరి గొంతు అనేది. వినేవాళ్లకు వాడు తమకొక్కరికే పాడుతున్నాడనిపించేది. ఆ గొంతు అబద్ధం చెబితే నమ్మడం ఎంత సులువో మేము తరువాత తెలుసుకున్నాం.

బడి చదువు అయిపోగానే మఠంలో చేరాలని నిలా కోరిక. తల్లి బేకరీ నడిపేది, తండ్రి లేడు. సత్ప్రసాదం సమయంలో పాడటానికి ఆ ఏడు నిలా ఒక పాట కట్టింది. దాన్ని ఆమె పియానో ముందు కూర్చుని కట్టలేదు, సత్ప్రసాదం వరుసలో నిలబడి కట్టింది. పూజ చేసే గురువు అప్పం చేతిలో పెడుతూ “క్రీస్తు శరీరం” అంటాడు, ఎదుట ఉన్న మనిషి “ఆమెన్” అంటాడు, చెప్పుల చప్పుడుతో వరుస ఒక అడుగు ముందుకు జరుగుతుంది. పాట నడకను ఆమె ఆ అడుగుల నడకకే కుదిర్చింది. మూడవ పాదం చివర సరిగ్గా ఒక మాట పట్టేంత చోటు వదిలింది.

బల్ల పరిచి ఉంది,
దీపం వెలిగి ఉంది,
ఆకలితో ఉన్న నీవు రా—

ఇక్కడ ఆ ఖాళీ. తరువాత, “ఇది నీ ఇల్లే.”

కొత్తలో ఆ ఖాళీ ఓర్చుకోలేక మాలో ఎవరో ఒకరం అక్కడ ఒక రాగం తీసేవాళ్లం. నిలా వెంటనే చెయ్యెత్తి ఆపేది. “అక్కడ పాడకండే. ఆ చోటు మనది కాదు, వరుసలో ఉన్నవాళ్లది,” అనేది. ఎలీకి తీగలు ఎక్కడ మీటాలో, ఎక్కడ చెయ్యి ఆపాలో చూపించింది కూడా ఆమే. ఈస్టరుకు ముందు వచ్చే ఆ తపస్సు కాలమంతా, ఆ తరువాత వానలు పడేవరకూ, ప్రతి ఆదివారం ఆ పాట పాడాం. ఎన్నిసార్లు పాడినా ఆ చోట వరుసలోంచి ఎవరిదో ఒకరి ఆమెన్ వచ్చి కూర్చునేది.

ఎలీ మనీలా వెళ్లాడు. క్రిస్మస్ నాటికి అతని పాట రేడియోలో వచ్చింది. బల్ల స్థానంలో కిటికీ వచ్చింది, దీపం స్థానంలో చందమామ వచ్చాడు, ఆకలి కాస్తా ఆశ అయింది, ఇల్లు మనసు అయింది. వెనకాల ఒక వేణువు, కొన్ని వయొలిన్లు చేర్చారు. ఖాళీని మాత్రం కదపలేదు. ఆ పాటను ఖాళీతోనే నేర్చుకున్నవాడు కనుక అది లేకుండా పాడటం అతనికి చేతకాలేదు. పత్రికలవాళ్లు దాన్ని ప్రేమికుడి నిట్టూర్పు అని మెచ్చుకున్నారు.

మా దేశంలో పాట పాడేవాళ్లకు ఒక నియమం ఉంది. రికార్డులో ఎలా ఉంటే అలాగే, ఊపిరి తీసే చోటుతో సహా, దింపాలి. దాన్ని ప్లకాదో అంటారు. గాయకుడికి అంతకు మించిన మెప్పు లేదు. అందువల్ల హోటళ్లలో, పెళ్లిళ్లలో, ఓడల మీద, శవజాగరణల్లో, వీధి చివర డబ్బులు వేసి పాడుకునే వీడియోకే పెట్టెల ముందు ఆ పాట ఎవరు పాడినా అక్కడికి రాగానే ఆగారు. ఎందుకు ఆగుతున్నారో ఎవరికీ తెలియదు. తాగినవాళ్లు కూడా ఆ చోట గ్లాసు పైకెత్తి ఊరుకుంటారు.

కొత్త సంవత్సరంలో మేము చాపెల్‌లో మా పాట అందుకునేసరికి వెనక బెంచీల్లో కుర్రాళ్లు కిటికీ, చందమామ అంటూ కూనిరాగం తీశారు. ఎవరో నవ్వారు. రేడియో ప్రేమపాటను దేవుని సన్నిధికి తెచ్చారని మదర్ బెనిగ్నాకు ఫిర్యాదు వెళ్లింది. నిలాను పిలిచింది. పాట తనదేనని నిలా చెప్పింది. నేనూ చెప్పాను. స్నేహితులు స్నేహితుల కోసం అబద్ధాలాడటం కొత్త కాదని చెప్పి మదర్ నన్ను గాయక బృందంలోంచి తీసేసింది. గురువుగారి గదిలోంచి మనీలాకు ఫోన్ చేయించింది. ఎలీ అన్న మాటను మా అందరి ఎదుట తన నోటితో తిరిగి చెప్పింది: “అది నా పాటే, మదర్. నేను సాధన చేస్తుంటే నిలా విని ఉంటుంది.”

తరువాతి ఆదివారం, సత్ప్రసాదానికి ముందు, బలిపీఠం ఎదుట ఉన్న చెక్క కటాంజనం దగ్గర నిలాను జనం వైపు తిప్పి నిలబెట్టారు. దొంగతనానికీ అబద్ధానికీ అందరినీ క్షమాపణ అడగమన్నారు. నిలా నిలబడింది. అడగలేదు. గురువుగారు దగ్గారు. అడగమన్నట్టు మదర్ తల ఊపింది. నిలా అలాగే నిలబడి ఉంది. చివరకు పూజ సాగించక తప్పలేదు.

మఠం తలుపు ఆమెకు మూసుకుపోయింది. ఊరు ఆమెను తిట్టలేదు, రొట్టెలు కొనడం మానలేదు. మా దగ్గర శిక్ష అలా ఉండదు. బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు జ్ఞానతల్లిగా నిలబడమని ఎవరినైనా అడుగుతారు. బేకరీ నడుపుతూ పది మందికి తెలిసిన ఆడదానికి ముప్పై ఏళ్లు నిండేసరికే పేటలో సగం మంది పిల్లలు జ్ఞానబిడ్డలై ఉంటారు. నిలాను ఒక్కరూ అడగలేదు. బలిపీఠం ఎదుట అబద్ధమాడిన మనిషి చేతుల్లో బిడ్డను ఎవరు పెడతారు? ఆమె ప్రతి ఆదివారం మా చాపెల్‌కే వచ్చి చివరి బెంచీలో కూర్చునేది. సత్ప్రసాదం మాత్రం తీసుకునేది కాదు. దానికి రెండు జీప్నీలు మారి జారో కేథడ్రల్‌కు పోయేది. ఎందుకని ఒకసారి అడిగాను.

“ఆ కటాంజనం దగ్గరికి మళ్లీ నడవను, సెలీ. నేను నడవాలంటే ముందు అతను నడవాలి.”

అంతకు మించి ఆమె ఏనాడూ ఏమీ కోరలేదు.

నేను అదే బడిలో సంగీతం టీచరుగా పని చేసి విరమించాను. పోయిన ఏడాది చాపెల్ గాయక బృందానికి స్వర్ణోత్సవం చేయాలనుకున్నారు. ఇప్పటి ప్రధానోపాధ్యాయిని సిస్టర్ ఫ్లోర్దెలిజ్ మా ఇంటికి వచ్చి, ఎలీ గెల్లాడా వస్తున్నాడనీ, పూజలో పాడతాడనీ, మేయరు చేతుల మీదుగా అతనికి సన్మానమనీ, అమ్మాయిలకు ఆ పాట ప్లకాదోగా నేర్పిపెట్టాలనీ అడిగింది. జరిగినదంతా ఆమెకు చెప్పాను. మంచి మనిషి, ఓపికగా విన్నది. కానీ యాభై ఏళ్ల నాటి మాట అన్నది. మదర్ బెనిగ్నా లేదు, ఆనాటి గురువు లేడు, రుజువు ఎక్కడ తెస్తామని అడిగింది.

“రుజువు పాటలోనే ఉంది, సిస్టర్,” అన్నాను. “నాకు ఒక్క సాయం చెయ్యండి. మొదటి సత్ప్రసాదం తీసుకునే చిన్నపిల్లల అభ్యాసం, మా పాట అభ్యాసం ఒకే వేళకు పెట్టించండి.”

“గోలగోల అయిపోదూ?”

“కానివ్వండి.”

అదే సాయంత్రం నిలా బేకరీకి వెళ్లాను. తల్లి పోయాక ఆమే నడుపుతోంది. నిన్నటి రొట్టెను ముక్కలు కోసి, వెన్నా పంచదారా రాసి, మళ్లీ కాల్చే బిస్కోచోకు ఆ పేటలో ఆమె దుకాణమే పేరు. పక్కింట్లో వీడియోకే మోగుతోంది. అక్కడ ఎవడో పాడేది ఆ పాటే. నిలా కత్తి ఆపలేదు.

“వింటున్నావా? శ్రుతి లేదు, తాళం లేదు. అయినా ఆ చోటుకు వచ్చేసరికి ఆ తాగుబోతు కూడా నోరు మూసుకుంటాడు. మదర్ బెనిగ్నా కూడా దానికి అంత మర్యాద ఇవ్వలేదు,” అన్నది.

నేను చేయబోయేది చెప్పాను. ఆమెకు నచ్చలేదు. ముసలితనంలో పేరు పిచ్చి పట్టిందంటారనీ, డబ్బున్న గాయకుడి వెంట పడ్డామంటారనీ అన్నది. అనేవాళ్ల నోళ్లు ఆ వీధిలో ఎన్నడూ ఖాళీగా లేవని గుర్తు చేశాను. చాలాసేపు రొట్టె కోసింది. చివరకు వద్దనలేదు, తాను మాత్రం ఆ అభ్యాసానికి రానన్నది.

ఎలీ ఉత్సవానికి ముందు రోజు మధ్యాహ్నం చాపెల్‌కు వచ్చాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. ఖరీదైన గిటారు, పలచని చొక్కా. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

“సెలీ! టీచరువట కదా, పిల్లల్ని మోకాళ్ల మీద నిలబెడుతున్నావా?”

“తగినవాళ్లు దొరికితే,” అన్నాను. అమ్మాయిలు నవ్వారు. అతనూ నవ్వాడు.

పాట మొదలుపెట్టే ముందు అమ్మాయిల్లో ఒకతె, ఆ మధ్యలో ఎందుకు ఆగాలని అడిగింది. అడగమని నేను చెప్పలేదు. వాళ్లకు ఇరవై రోజులుగా ఉన్న సందేహమే అది. ఎలీ యాభై ఏళ్లుగా అందరికీ చెప్పిన జవాబే చెప్పాడు: ప్రియురాలు తలుపు తీస్తుందో లేదో అని ప్రేమికుడి ఊపిరి ఆగే చోటు అది. అమ్మాయిలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. గొంతు ఇంకా అలాగే ఉంది, కాస్త బొంగురు తప్ప. గడప మీద కూర్చున్న కబురు.

ఇంతలో చిన్నపిల్లలను తీసుకుని వాళ్ల టీచరు వచ్చింది. కటాంజనం దగ్గర నిలబడి, పవిత్రం చేయని అప్పాలతో, ఒక్కొక్కరి చేతిలో పెడుతూ “క్రీస్తు శరీరం” అనడం, బిడ్డ “ఆమెన్” అని పక్కకు జరగడం, అంతే వాళ్ల అభ్యాసం. మొదట్లో అంతా గందరగోళమే. ఒకడు ఆమెన్ మరిచిపోయాడు, ఒకతె అప్పం కింద పడేసింది. పాట ఒక దారి, పిల్లలు ఒక దారి. సిస్టర్ ఫ్లోర్దెలిజ్ నా వైపు చూసింది. పాట ఆపవద్దని ఎలీకి సైగ చేశాను.

పాట వినబడుతుంటే కాళ్లు దానితో నడవడం మానవు. రెండవ చరణంలో వరుస సర్దుకుంది. టీచరు కూడా తెలియకుండానే పాటతో పాటు చెయ్యి చాపసాగింది. “ఆశతో ఉన్న నీవు రా—” అని ఎలీ ఆగాడు. ఆ ఆగిన చోట ఒక చిన్న గొంతు “ఆమెన్” అన్నది. ఎలీ తరువాతి మాట పాడాడు. మళ్లీ మూడవ పాదం, మళ్లీ ఆగాడు, మళ్లీ ఆమెన్. అమ్మాయిలు మొదట నవ్వుకున్నారు. మూడవసారి కూడా పడేసరికి నవ్వు మాని అతని వైపు చూశారు. సిస్టర్ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎలీ చెయ్యి తీగల మీద నిలిచిపోయింది. పిల్లలకు పాట ఆగినట్టు కూడా తెలియలేదు. ఆమెన్ అంటూ, అడుగు వేస్తూ, అదే నడకలో సాగిపోయారు.

“అక్కడ అనమని వాళ్లకి ఎవరు చెప్పారు?” అని అడిగాడు.

“ఎవరూ చెప్పలేదు. ఆ చోటు మనది కాదు, వరుసలో ఉన్నవాళ్లది,” అన్నాను.

ఆ మాట ఎవరిదో అతనికి తెలుసు. ముఖం దాచుకోలేదు, వాదించలేదు. గిటారును పక్కన పెట్టాడు. తరువాత, నిలా ఉందా అని అడిగాడు. బేకరీలో ఉందనీ, వ్యాపారం కనుక తలుపు తెరిచే ఉంటుందనీ చెప్పాను.

అతని వెంట నేనూ వెళ్లాను, సాక్షిగా. నిలా అతన్ని చూసి కూర్చోమన్నది. పిండి పడిన స్టూలు మీద కూర్చున్నాడు. చెప్పవలసినదంతా చెప్పాడు. కాన్వెంట్ పిల్ల పాట అంటే కంపెనీవాళ్లు తీసుకోరని భయపడ్డాననీ, ఆ రోజు ఫోన్‌లో మదర్ గొంతు వినగానే నోటికి వచ్చింది అనేశాననీ, అన్న తరువాత ప్రతి ఏడూ వెనక్కి తీసుకోవడం మరింత కష్టమైందనీ అన్నాడు. పాట మీద ఇక నుంచి ఆమె పేరు వేయిస్తాననీ, ఇన్నేళ్ల రాబడిలో ఆమె వాటా పంపిస్తాననీ అన్నాడు.

“పేరు వేయించు. అది నువ్వు చెయ్యాల్సిన పనే,” అన్నది నిలా. “వాటా గాయక బృందానికి ఇవ్వు, కొత్త గిటార్లు కొనుక్కుంటారు. నాకు కావాల్సింది వేరే. నన్ను ఎక్కడ నిలబెట్టారో నువ్వు అక్కడ నిలబడాలి.”

“నిలా, రేపు మేయరు వస్తున్నాడు.”

“మంచిదే. నేను నిలబడ్డప్పుడు మేయరు లేడు. నీకు ఒక మనిషి ఎక్కువ.”

“పూజ అయిపోయాక చెబుతాను. అందరి ముందే చెబుతాను.”

“సత్ప్రసాదానికి ముందు. నన్ను అప్పుడే నిలబెట్టారు. పాటలో ఎప్పుడూ నువ్వు సగం తాళం ఆలస్యమే, ఎలీ. ఈ ఒక్కసారైనా వేళకు అందుకో.”

అతను నవ్వలేదు. ఆలోచించుకోవాలన్నాడు. ఆలోచించుకోమనీ, తనకు రేపటి పిండి కలిపే పని ఉందనీ అంటూ నిలా లేచింది. మాట ఇవ్వకుండానే వెళ్లిపోయాడు.

మరునాడు చాపెల్ నిండిపోయింది. ఎలీ ముందు వరుసలో మేయరు పక్కన కూర్చున్నాడు. నిలా ఎప్పటిలా చివరి బెంచీలో. ఆమె తలకు, పూర్వం పూజకు వేసుకున్నట్టు, నల్ల లేసు ముసుగు వేసుకుని రావడం నేను ఏళ్ల తరువాత చూశాను. పూజ సాగుతున్నంతసేపూ ఎలీ మా వైపు గానీ వెనక్కి గానీ చూడలేదు. ప్రభువు ప్రార్థన అయింది. శాంతి చెప్పుకున్నాం. గురువు ఫాదర్ జోనెల్ రొట్టె విరిచాడు. ఎలీ కదలలేదు. నేను అమ్మాయిలకు చెయ్యి ఎత్తబోయాను. వాళ్లకు రెండు రకాల మాటలూ నేర్పి ఉంచాను. ఏవి పాడించాలో ఆ క్షణానికి కూడా నాకు తెలియదు.

అప్పుడు ఎలీ లేచాడు. సన్మానం ఇప్పుడేననుకున్నాడేమో, మేయరు కూడా సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. ఎలీ కటాంజనం దగ్గరికి నడిచి జనం వైపు తిరిగాడు. ఫాదర్ జోనెల్ పాత్ర చేతిలో పట్టుకుని ఆగాడు. పొద్దున్నే ఎలీ ఆయనను కలిసి అడిగాడని తరువాత తెలిసింది.

మనీలా భాషలో కాక మా హిలిగైనోన్‌లో మాట్లాడాడు. దగ్గరి గొంతుతో కాదు. వెనక వరకు వినబడేట్టు, మోటుగా, దర్జీ కొడుకులా.

“మీ అందరికీ నా పేరు తెలిసింది ఒక పాట వల్ల. ఆ పాట నాది కాదు. లియోనిలా తక్సాగోన్ కట్టింది, ఈ చాపెల్‌లో, సత్ప్రసాదం కోసం. నేను తీసుకుపోయాను. మదర్ బెనిగ్నా అడిగితే అబద్ధం చెప్పాను. నిలాను ఇక్కడే నిలబెట్టి క్షమాపణ అడగమన్నారు. ఆమె అడగాల్సింది ఏమీ లేదు. అడగాల్సినవాణ్ణి నేను. నిలా, నిన్ను అడుగుతున్నాను. ఈ ఊరినీ అడుగుతున్నాను.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందుకు సంతోషించాను. ముందు బెంచీల్లో ఆ రోజును చూసిన ముసలివాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లలో ఒకావిడ తల తిప్పి చివరి బెంచీ వైపు చూసి, చూపు దించుకుంది. ఎలీ వచ్చి మా పక్కన బల్ల మీద కూర్చుని గిటారు తీసుకున్నాడు. ఏ మాటలు పాడాలో అమ్మాయిలకు నేను చెప్పనక్కరలేకపోయింది.

బల్ల పరిచి ఉంది, దీపం వెలిగి ఉంది. ఎలీ పాడలేదు; వాయించాడు, నిలా నేర్పినట్టే. వరుస కదిలింది. కిటికీ, చందమామ తప్ప మరో మాట ఎరగని జనం, అలవాటు కొద్దీ, ఆ చోట పెదవులు బిగించారు. ఆ నిశ్శబ్దంలో ముందు ఉన్నవాళ్ల ఆమెన్ వినబడింది. రెండవసారి వినబడేసరికి వాళ్ల ముఖాలు మారాయి. తాము ఇన్నేళ్లూ ఎందుకు ఆగుతున్నారో వాళ్లకు అర్థమైంది.

నిలా లేచింది. బెంచీ పట్టుకుని, మోకాలు సరిచేసుకుని, వరుస చివర నిలబడింది. పాట ఆమెను తొందర పెట్టలేదు. అది ఆ నడకకే కట్టిన పాట. ఒక్కొక్క ఆమెన్‌కు ఒక్కొక్క అడుగు. ఆమె ముందు ఉన్న చంటిబిడ్డ తల్లి వెనక్కి తిరిగి, ఆమెను ముందుకు పొమ్మని దారి ఇవ్వబోయింది. నిలా వద్దని తల ఊపి తన వంతు కోసం ఆగింది. కటాంజనం దగ్గరికి వచ్చింది. ఫాదర్ జోనెల్ “క్రీస్తు శరీరం” అన్నాడు. అమ్మాయిలు, “ఆకలితో ఉన్న నీవు రా” అని ఆగారు. ఎలీ తీగల మీద చెయ్యి ఆనించాడు.

“ఆమెన్,” అన్నది నిలా.

యాభై ఏళ్ల బాకీ ఆ చోట పూర్తిగా తీరింది. అమ్మాయిలు చివరి పాదం అందుకున్నారు.